బిగువు తలనొప్పి: చేతి వైద్యముల తారతమ్యము

(గ్రంథాలయ రజతోత్సవ సభలలో రెండవనాటి సాయంకాలము చేసిన ప్రసంగ పాఠము)

  

నేను వైద్యుడను గాను. ఈ యూరి సహకార సంఘమున లెక్కలు వ్రాసి పొట్ట పోసికొనువాడను. మా తండ్రిగారు కరణీకము చేసిరి. 1984లో ఆ పదవులు రద్దయినవి. పదవి పోయినను దస్త్రము కట్టు గుణము మాత్రము మా యింటినుండి పోలేదు. పగలు పద్దులు, రాత్రి భారతము. ఇదియే నా కాలక్షేపము. మన కార్యదర్శిగారు వచ్చి, "మామయ్యగారూ, రజతోత్సవములలో మీరు తిక్కనగారిని గూర్చి ప్రసంగింపవలెను" అనిరి. "ఈ పర్యాయము తలనొప్పిని గూర్చి మాటలాడెదను నాయనా" అంటిని. ఆయన క్షణకాలము నా మొగము చూచి, "మీ ప్రసంగమే తలనొప్పి కాకుండ జూచుకొనుడు" అని సెలవు తీసికొనిరి.

ఈ విషయము నెంచుకొనుటకు రెండు కారణములు గలవు. మొదటిది నా సొంత తల. రెండవది నేను చేసిన యొక తప్పు. ఆ రెండవదానిని తరువాత మనవిచేసెదను.

తలనొప్పికిని గ్రంథాలయమునకును సంబంధమేమని మీలో కొందరనుకొనుచుండవచ్చును. సంబంధము కలదు. కృష్ణాజిల్లావారగు కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో అమృతాంజనమను తలనొప్పి లేపనమును నెలకొల్పిరి. దానిపై వచ్చిన ధనముతోనే 1908లో ఆంధ్రపత్రిక పుట్టినది, 1924లో భారతి పుట్టినది, తరువాత ఆంధ్ర గ్రంథమాల వెలసినది. గ్రంథాలయోద్యమమునకు ఆ మహనీయుడు చేసిన సాయము మీరెరుగుదురు. అనగా, మన పూర్వుల కణతల పోటునుండియే మన పుస్తకములలో కొన్ని పుట్టినవన్నమాట. ఆ ఋణము నీ సభలో తలచుకొనుట తగియున్నది.

ఇక విషయము. తలనొప్పులన్నియు ఒక్కటి గావు. మన సుశ్రుతుడే శిరోరోగములను పదునొకటిగా లెక్కించెను. ప్రొద్దెక్కినకొలది హెచ్చి ప్రొద్దు వాలినకొలది తగ్గుదానికి సూర్యావర్తమనియు, సగము తలను పట్టుదానికి అర్ధావభేదకమనియు పేరులు పెట్టెను. నేటి వైద్యుల పట్టిక ఇంకను దీర్ఘమైనది. అందు మిక్కిలి సామాన్యమైనది నేను చెప్పబోవు బిగువు తలనొప్పి. తలకు పాగా బిగించి కట్టినట్లు, నొసటి చుట్టు పట్టీ లాగినట్లు ఉండును. రెండువైపుల నుండును. పార్శ్వపు నొప్పివలె నాడి కొట్టినట్లు టకటకలాడదు. నాలుగడుగులు నడచినను, మెట్లెక్కినను హెచ్చదు. వాంతి రాదు. అరగంట మొదలు ఏడుదినములవరకు ఉండవచ్చును. నెలకు 15 దినములు గాని అంతకు మించి గాని, మూడు నెలలకు పైబడి వచ్చుచుండినచో దానిని దీర్ఘరోగముగా నెంచుదురు.

బిగువను పేరు విని మెడకండరములు తాడువలె బిగిసి యుండుననియు, వానిని సడలించినచో రోగము పోవుననియు మనమనుకొందుము. పూర్వము వైద్యులును అట్లే తలచి దీనికి కండరసంకోచపు తలనొప్పి యని పేరిడిరి. కాని పరికరములతో కొలిచి చూడగా ఆ కండరములు నిరంతరము బిగిసి యుండుట కానరాలేదు. కానవచ్చినది వేరు. పెడతల, కణతలు, మెడ, భుజములు ఒత్తినచో ఈ రోగులకు ఇతరులకన్న నొప్పి హెచ్చు. రోగము పాతబడినకొలది మెదడు, వెన్నుపాము నొప్పిని హెచ్చించి చూపుటకు అలవాటుపడును. ఒకమారు దొంగ పడిన యింటిలో ఎలుక కదలినను కుక్క మొరుగును గదా, అట్టి స్థితి. ఈ సంగతి తెలిసికొనుట అవసరము. ఏలనన, చేతితో చేయు చికిత్స యేదియైనను కండరముతో మాటలాడుటయే కాదు, ఆ కుక్కను బుజ్జగించుటకూడ.

నా కథ కొంచెము చెప్పెదను. మార్చి 31వ తేది యన్న లెక్కలవారి గుండెలలో రాయి పడును. ఒక సంవత్సరమున ఆ ముగింపు లెక్కల దినములలో పట్టుకొన్న నొప్పి నన్ను విడువలేదు. మందుల దుకాణమునుండి మాత్ర తెచ్చుకొంటిని. తగ్గెను. మరునాడు మరల మాత్ర. ఇట్లు రెండేండ్లు గడచినవి. ఆవర్జాలో ఒకరి జమను మరొకరి ఖాతాలో వేసి, పేద రైతు ఒకడు చెల్లించిన వాయిదాకు మరల నోటీసు పోవుటకు కారకుడనైతిని. ఆతడు నా గడపలో నిలచి రసీదు చూపిన దినమున నాకు కలిగిన సిగ్గు ఇప్పటికిని మానలేదు.

అప్పుడు పట్టణమున ఒక వైద్యురాలి కడకు పోతిని. ఆమె మందు వ్రాయలేదు. "నెలరోజులు తలనొప్పి లెక్క వ్రాసికొని రండి బాబుగారూ" అని పంపివేసెను. ముప్పది యేండ్లుగా లోకమందరి లెక్కలు వ్రాసిన నేను నా తల లెక్క వ్రాసి యుండలేదు! వ్రాసితిని. 30 దినములలో 22 దినములు నొప్పి, 18 దినములు మాత్ర. సామాన్యమైన నొప్పి మాత్రలే యైనను నెలకు 15 దినములు గాని అంతకు మించి గాని, మూడు నెలలకు పైగా మ్రింగుచుండినచో ఆ మాత్రయే తలనొప్పిని పుట్టించునట. అప్పు తీర్చుటకు అప్పు చేసినట్లు. ఆమె పర్యవేక్షణలో మానితిని. మొదటి కొలదిదినములు నొప్పి మిక్కుటమయ్యెను. నాకు కోపమును వచ్చెను. అటుపిమ్మట ఆమె నన్ను ఫిజియోథెరపీకి, అనగా మందు లేని అంగచికిత్సకు పంపెను.

ఇచట నొక మాట. దానికి పూర్వము నేను వేరొక చికిత్సాలయమున, పేరు చెప్పను, పదునైదు దినములు మెడకు యంత్రముతో వేడి పట్టించుకొని, విద్యుత్తు తగిలించుకొని, రుసుము చెల్లించి వచ్చియుంటిని. అక్కడ నా మెడను ఎవరును చేతితో ముట్టలేదు. ఒక వ్యాయామమును నేర్పలేదు. పడుకొన్నంతసేపు హాయి, బస్సెక్కగనే నొప్పి. ఈ యంత్రములు ఒక్కటియే చికిత్సగా బిగువు తలనొప్పిని తగ్గించునని చెప్పుటకు గట్టి సాక్ష్యము నాకు కానరాలేదు. వేడి కావలసినచో వేడినీళ్ళలో ముంచిన తువాలు చాలును.

తక్కిన చికిత్సలను గూర్చి కొంచెము సావకాశముగా చెప్పెదను. నాకు ఆంగ్లము కొంచెమే వచ్చును. మన గ్రంథాలయపు కంప్యూటరుపై మన కుర్రవాండ్ర సాయమున వైద్యపరిశోధనల సంగ్రహములు చదివితిని. వారికి నా కృతజ్ఞత.

ముందుగా మెడ విరుపు. క్షౌరము ముగిసిన పిమ్మట మెడను అటొకమారు ఇటొకమారు చటుక్కున త్రిప్పి టక్కుమనిపించుట మనకు చిరపరిచితము. ఆ శబ్దము వినిననే ప్రాణము లేచి వచ్చినట్లుండును. విదేశములలో దీనిని శాస్త్రముగా నభ్యసించినవారు గలరు. వారు చేయు విధము వేరు. 1998లో డెన్మార్కునందు 75 మంది రోగులపై నొక పరీక్ష జరిగెను. చీట్లు వేసినట్లు వారిని రెండు జట్లు చేసిరి. రెండు జట్లకును మెడకండరముల మర్దనము చేసిరి. మొదటి జట్టునకు అదనముగా మెడ విరుపు. రెండవ జట్టునకు దాని బదులు పనిచేయని కాంతియంత్రము చూపి ఊరకుండిరి. మొదటి జట్టువారికి దినమునకు 2.8 గంటల నొప్పి 1.5 గంటలకు తగ్గెను. రెండవ జట్టువారికి 3.4 గంటలది 1.9కి తగ్గెను. లెక్క వేయుడు. మొదటివారికి తగ్గినది 1.3, రెండవవారికి 1.5. విరుపువలన అదనముగా వచ్చినది లేదు. తగ్గిన దానిలో మర్దనము పాలెంతయో, కాలము పాలెంతయో ఆ పరీక్ష తేల్చలేదు.

దీనికి ఎదురు సాక్ష్యమును చెప్పవలెను, లేకున్న లెక్క తప్పగును. 1995లో అమెరికాలో 150 మందిని తీసికొని సగము మందికి మెడ విరుపును, సగము మందికి అమిట్రిప్టిలిన్ అను మందును ఆరువారములు ఇచ్చిరి. ఇచ్చుచున్నంతకాలము మందే కొంచెము మేలుగా నుండెను. రెండును ఆపిన నాలుగు వారములకు చూడగా మందు జట్టువారి నొప్పి మొదటికి వచ్చెను. మెడ చికిత్స జట్టువారికి లాభము నిలిచెను. మందు జట్టులో నూటికి 82 మందికి నోరెండుట, మగత, బరువు పెరుగుట వంటి బాధలు కలిగెను. రెండవ జట్టులో బాధలు నూటికి నలుగురికి మించి పెద్దగా లేవు. మందు కౌలుభూమి, శరీరమునకు నేర్పిన యలవాటు సొంతభూమి యని నాకు తోచెను. అయినను ఆ పరీక్షలో విరుపునకు సాటిగా ఊరక మర్దనము చేయించుకొన్న జట్టు లేదు గనుక, గుణము విరుపుదో చేతి స్పర్శదో తేలదు. డెన్మార్కు లెక్క ప్రక్కన దీనిని పెట్టి చదువవలెను.

మన మంగలి కుర్చీలో జరుగు విరుపును గూర్చి మాత్రము నాకు సంశయము లేదు. వలదు. మెదడు వెనుక భాగమునకు రక్తము తీసికొనిపోవు ధమనులు మెడయెముకల ప్రక్క రంధ్రములగుండ, సూదిలో దారమువలె, పైకి పోవును. చటుక్కున త్రిప్పినపుడు ఆ ధమని లోపలి పొర చీలవచ్చును. అరుదే, కాని జరిగినపుడు పక్షవాతము. త్రిప్పకున్నను, మెడను వెనుకకు మిక్కిలి వాల్చినను ప్రమాదము కలదు. కేశాలంకారశాలలో తల వెనుకకు వాల్చి జుట్టు కడిగించుకొన్న అయిదుగురికి ఇట్లయినదని 1993లో ఒక అమెరికా వైద్యుడు వ్రాసెను. 2022లో మన హైదరాబాదునందే ఒక స్త్రీకి అట్టిది జరిగినదని పత్రికలలో మీరును చదివియుందురు. క్షురకవృత్తి సోదరుల నేను నిందించుట లేదు. వారు అడిగినవారికే చేయుదురు. అడుగుట మానుడు.

ఇక మర్దనము, నొప్పి ముడులను ఒత్తుట. అమెరికా అధ్యక్షుడు కెన్నెడీకి వైద్యురాలుగా నుండిన జానెట్ ట్రావెల్ అను నామె ఈ ముడులను గూర్చి జన్మమంతయు పరిశ్రమించి, సైమన్సు అను వైద్యునితో కలసి 1983లో పెద్ద గ్రంథము ప్రకటించెను. భుజము మీది కండరమున ఒకచోట ఒత్తినచో నొప్పి కణతలో తెలియును. నా మెడమీద ఆ వైద్యుడు బొటనవ్రేలు పెట్టినపుడు, "అదే, అదే నా తలనొప్పి!" యని అరచితిని. చోటొకటి, చాటింపు వేరొకచోట. మెల్లగా ఒత్తి, సడలువరకు పట్టియుంచి విడుచుట చికిత్స. సుఖముగా నుండును, కొంతకాలము తగ్గును. కాని ఒక్క మర్దనమునే నమ్మినవానికి మర్దనము చేయు చేయి జన్మాంతము కావలసివచ్చును. కొందరు ఆ ముడులలో మందు లేని సన్నని సూదిని గ్రుచ్చుదురు. ఫలితములు మిశ్రములు. భుజమువద్ద లోతుగా దిగినచో ఊపిరితిత్తికి తగులు ప్రమాదము కలదు గనుక నేర్పరి కాని చేతికి ఈయరాదు. చీనా సూదిచికిత్సను మాత్రము ఇంగ్లండు ప్రభుత్వ వైద్యసంస్థ 2012లో దీర్ఘకాలపు బిగువు తలనొప్పికి, అయిదు మొదలు ఎనిమిది వారములలో పది పర్యాయములవరకు, పరిశీలింపవచ్చునని చెప్పినది.

నాకు మిక్కిలి నచ్చినది వ్యాయామము. దీనికి హాలెండు దేశపు పరీక్షలు రెండు చెప్పెదను. 2006లో 81 మందికి మర్దనము, కీళ్ళ కదలింపు, కూర్చుండు తీరు నేర్పుట అందరికిని చేసిరి. ఒక జట్టునకు మాత్రము మెడ ముందరి లోతు కండరములకు బలము నిచ్చు వ్యాయామమును చేర్చిరి. చికిత్స ముగిసిన ఆరు నెలల పిమ్మట ఆ వ్యాయామపు జట్టే స్పష్టముగా ముందుండెను. 2011లో దీర్ఘరోగులు 82 మందిని రెండు భాగములు చేసి, ఒకరిని సామాన్య వైద్యుని చికిత్సకును, ఒకరిని చేతి చికిత్స, వ్యాయామము, కూర్చుండు తీరు కలిపిన పద్ధతికిని అప్పగించిరి. ఎనిమిది వారములకు నొప్పి దినములు సగమునకు తగ్గినవారు రెండవ జట్టులో నూటికి 87 మందికి పైగా, మొదటి జట్టులో 27 మందికి పైగా. 26 వారములకు 81, 40. అంకెలు చూచి పొంగిపోకుడు. రోగులకు తాము పొందునది ఏ చికిత్సయో తెలియును. శ్రద్ధగా మాటలాడు మనిషి దొరికిన లాభమును అందు కలిసియుండును. పద్దులు చిన్నవి. అయినను, రెండు లెక్కలు ఒకే వైపు చూపుచున్నవి: చేతి చికిత్స వ్యాయామముతో కలిసినపుడే లాభము నిలుచును.

ఆ వ్యాయామమునకు మల్లుడు కానక్కరలేదు. వెల్లకిల పండుకొని, తలక్రింద మడత దుప్పటి యుంచుకొని, "ఔను" అన్నట్లు గడ్డమును మెల్లగా కంఠమువైపునకు వంచవలెను. తల ఎత్తరాదు. ఊపిరి బిగపట్టరాదు. పది లెక్కించి వదలవలెను. ఇట్లు పదిమారులు. చూచువారికి ఏమియు చేయనట్లే యుండును. మా ఇంటిది మొదటి దినమున, "వ్యాయామమని చెప్పి నిద్రపోవుచున్నారా?" అని యడిగెను. తల సుమారు 5 కిలోల బరువు. దినమెల్ల దానిని మోయు లోపలి కండరములకు ఈ మాత్రము శిక్షణ కావలెను. చేసినపుడు కళ్ళు తిరిగినను, చేయి తిమ్మిరెక్కినను ఆపి వైద్యునికి చెప్పవలెను.

శరీరమును అంగమంగముగా బిగించి సడలించు పద్ధతియు కలదు. అమెరికాలో జేకబ్సను అను వైద్యుడు 1929లో దీనిని గూర్చి గ్రంథము వ్రాసెను. ఐరోపా నాడీవైద్యులు 2010లో ప్రకటించిన మార్గదర్శకములలో, కండరపు బిగువును యంత్రమున చూపుచు సడలించుట నేర్పు విధానమునకు రుజువైన గుణము కలదనియు, ఈ సడలింపు పద్ధతికి గుణము ఉండవచ్చుననియు, అంగచికిత్సకును సూదిచికిత్సకును సాక్ష్యము అంతకన్న తక్కువ యనియు చెప్పిరి. నేను పొగడిన పద్ధతికి వారు వేసిన మార్కు తక్కువే. దాచిపెట్టుట నా వృత్తికి తగదు. లేపనమును గూర్చియు నొక మాట: 1996లో జర్మనీయందు పిప్పరమెంటు తైలమును నొసట రాచి, పారాసిటమాలు మాత్రతో పోల్చి చూడగా, బిగువు తలనొప్పికి రెండును ఇంచుమించు సమానముగా పనిచేసెను. పంతులుగారి వ్యాపారమునకు శాస్త్రపు సాక్ష్యము కొంత ఆలస్యముగా దొరకినదన్నమాట.

నా లెక్క ఏమయ్యెనని యడిగెదరు. నాలుగు నెలలకు 22 దినములు 9 అయ్యెను. ఇప్పుడు నెలకు మూడు, నాలుగు. కాని మాత్రలు మానుట, వ్యాయామము మొదలిడుట, బల్ల ఎత్తు పెంచుట, కంటి అద్దములు మార్చుట అన్నియు ఒక్క ఋతువులోనే జరిగినవి. ఏ పద్దు వలన లాభము వచ్చినదో విడదీసి చెప్పుటకు నా దగ్గర చిఠ్ఠా లేదు.

ఇక నేను చేసిన తప్పు. మన గ్రంథాలయమునకు నిత్యము వచ్చు వృద్ధులైన యొక విశ్రాంత ఉపాధ్యాయులు తలనొప్పి యనిరి. వారి యనుమతితోనే చెప్పుచున్నాను. నాకు తగ్గిన గర్వమున నేను వారిని బల్లపై పరుండబెట్టి ఈ వ్యాయామము నేర్పితిని. పదిదినములు వారు శిష్యునివలె చేసిరి. "మీరు చెప్పినట్లే చేయుచున్నానండీ, తగ్గుట లేదు" అనిరి. "ఓపిక పట్టుడు మాస్టారూ" అంటిని. వారు మూడు వారములకు ముందు స్నానాలగదిలో జారి తల గడపకు తగిలించుకొన్నారని నాకు తెలియదు. నేనడుగలేదు. వారి కోడలు మాత్రము గమనించినది: మామగారు ఎడమకాలు ఈడ్చుచున్నారు, పుస్తకముల పేరులు తడబడుచున్నారు. ఆమె ఆ రాత్రియే కారు పిలిపించి పట్టణమునకు తీసికొనిపోయెను. తల పెంకుకును మెదడునకును నడుమ నెత్తురు చేరియుండెను. రంధ్రము చేసి తీసివేసిరి. బ్రదికిరి. ఇప్పుడు రెండవ వరుసలో కూర్చుండి నన్ను చూచి నవ్వుచున్నారు.

ఆ కోడలు లేకున్నచో నా ఉచితవైద్యము వారిని చంపియుండెడిది. కాబట్టి వినుడు. తలకు దెబ్బ తగిలిన పిమ్మట వచ్చిన నొప్పి, అది చిన్నదెబ్బయైనను, నెల క్రిందటిదైనను, ఉరుము పడినట్లు క్షణములో వచ్చిన తీవ్రమైన నొప్పి, జ్వరముతో మెడ బిగిసినది, మాట, చూపు, కాలు, చేయి తడబడినది, 50 ఏండ్లు దాటిన పిమ్మట జీవితమున మొదటిసారి పట్టినది, దినదినము హెచ్చుచున్నది, గర్భిణికి, బాలింతకు కొత్తగా వచ్చినది: వీనికి మర్దనము లేదు, వ్యాయామము లేదు, లేపనము లేదు. ఆసుపత్రి. నావంటివాడెవడైనను మెడ పట్టెదనని వచ్చినచో, దెబ్బ తగిలినదా యని వాడడిగినాడో లేదో చూడుడు. అడుగనిచో మెడ ఇయ్యకుడు.

కార్యవర్గమువారికి రెండు మనవులు. మన చదువు బల్లలు పాతిక యేండ్లనాటివి. పుస్తకము మీదికి తల వంగిపోవుచున్నది. పుస్తకమును ఏటవాలుగా నిలుపు చెక్క పీఠములు పండ్రెండు చేయించుటకు వడ్రంగి చెప్పిన ఖర్చు నా యొద్ద నున్నది. సగము నేను చందాగా నిచ్చెదను. రెండవది, తలనొప్పి చిఠ్ఠాలు నలువది గీతలు గీసి కుట్టి తెచ్చితిని. తేది, మొదలైన వేళ, విడిచిన వేళ, మ్రింగిన మాత్ర, ఆనాటి నిద్ర, అయిదు గడులు. గ్రంథపాలకుని బల్లమీద నున్నవి. కావలసినవారు సంతకము పెట్టి తీసికొనిపోవచ్చును. నెల నిండిన పిమ్మట నాకు గాక, వైద్యునికి చూపవలెను.